బోరు కాడ గొడ్డలి

అయిజ అవతల మా చేన్ల రెండిండ్లకూ ఒక్కటే బోరు. పొద్దున నీళ్లు మాకు, మద్దెన్నం నుంచి చిన్నాయినకు. నాయిన పోయినంక ఆ పంపకం మీద మా అన్నకూ చిన్నాయినకూ రోజూ లొల్లే. నీళ్లు ఎక్కువ కావాల్సిన విత్తన పత్తి పెట్టినంక మాటలు గూడ బందయినయి.

నేను గద్వాలలో కాలేజీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్త. ఏఐ మోడల్ చేత బయటి పనులు చేయించుడు అప్పుడే నేర్చుకుంటున్న. మొదటి ప్రయోగం మా మోటారు మీదనే చేసిన. స్టార్టర్ డబ్బా పక్కన అరచెయ్యంత బోర్డు బిగించి, దాంట్ల చిన్న సర్వర్ ప్రోగ్రాం పెట్టిన. మోటారు నడుస్తుందా చూసుడు, వేసుడు, ఆపుడు: దానికి గంతే తెలుసు. దానితోని మాట్లాడే క్లయింట్ ప్రోగ్రాం నా ల్యాప్‌టాప్‌ల. నేను మామూలు తెలుగుల అడిగితే ఏ పని కావాల్నో మోడల్ తేల్చుకుంటది, క్లయింట్ దాన్ని సర్వర్‌కు అందిస్తది, సర్వర్ చేసి జవాబిస్తది.

ఆ పొద్దున కాలేజీల కూసొని, "మోటారు నడుస్తుందా?" అని అడిగిన.

"లేదు, ఆగి ఉంది."

"వెయ్యి."

నడిచింది. జరసేపటికి మళ్ల చూస్తే ఆగింది. కరెంటు పోయి వచ్చిందనుకొని మళ్ల వెయ్యమన్న. మళ్ల ఆగింది. మళ్ల వేసిన.

అవతల ఆపుతున్నది చిన్నాయిన. మా వంతుల తన మడి తడుపుకుందామని వచ్చి, పైపు మార్చుకునేటందుకు మోటారు ఆపిండు. చుట్టూ మనిషి లేడు, ఆపిన మోటారు దానంతటదే లేస్తుంది. మా అన్న యాడనో దాక్కొని ఆటాడుతుండనుకున్నడు. గొడ్డలి తెచ్చి డబ్బాను నరికిండు, వైర్లు తెంపిండు. సప్పుడుకు అన్న ఉరికొచ్చిండు. "ఏంది గిట్ల?" అనేలోపే గొడ్డలి ముంజేతి మీద పడ్డది. అన్న ఇనుప పైపు అందుకొని చిన్నాయిన తల మీద కొట్టిండు. కింద పడ్డోన్ని మళ్ల కొట్టిండు. సప్పుడుకు వచ్చి నడుమ పడ్డ చిన్నమ్మకు మూతి పగిలింది. ఇదంతా తర్వాత చిన్నమ్మనే చెప్పింది. నేను చూసింది గద్వాల దవాఖానల నెత్తుటి బట్టలే. ఒకే వార్డుల ఇద్దరు మొగోళ్లు, కట్లు కట్టించుకొని గూడ ఒకరినొకరు తిట్టుకుంటుండ్రు.

మోటారు లేపింది నేనేనని అందరికీ చెప్పిన, పెద్దమనుషులు రాజీ చేసిండ్రు. అన్న వేళ్లు సరిగ ముడుచుకుంటలేవు.

బోర్డు ముక్కలు ఏరి మూలకు పడేసిన. కొన్ని దినాలకు చిన్నమ్మ మా ఇంటికొచ్చింది. "మీ అన్నకొక్కనికే ఎందుకు బిడ్డా? మోటారు మా ఆయన మాట గూడ వినేటట్ల చెయ్యి. ఇద్దరూ మోటారు కాడ ఎదురుపడొద్దు."

మళ్ల కట్టిన. ఎవరి వంతుల ఎవరు అడిగితే నడవాల్నో సర్వర్‌లనే రాసిన. మోడల్ ఏమన్నా సరే, వంతు కానోళ్లకు మోటారు లేవదు. చిన్నాయిన ఫోన్‌ల గూడ క్లయింట్ పెట్టి, వచ్చే మాటలు నాకు కనబడుతయని చెప్పిన.

ఒక దినం ఆయన మాట ఒకటి నా కంట పడ్డది. "వాణ్ని సంపుత. వాడు చేన్లకొచ్చిండా చెప్పు."

మోడల్ జవాబిచ్చింది: "అది నాకు తెలియదు, తెలిసినా చెప్పను. మీరు చాలా కోపంగా ఉన్నారు, ముందు అక్కడి నుంచి ఇంటికి వెళ్లండి."

అన్నను ఇల్లు కదలొద్దని చెప్పి, బండి మీద చిన్నాయిన ఇంటికి ఉరికిన. ఆయన మంచం మీద కూసొని ఉన్నడు. తల మీద కుట్ల కాడ వెంట్రుకలు ఇంక మొలవలే.

"చిన్నాయినా, ఏంది గా మాట?"

"నిజమే, నేనే అంటి," అన్నడు. "సంపాలనే అనిపించింది. దానికి చెప్పినంక జర సల్లబడ్డ. మనిషికి చెప్తే ఇంకింత ఎగదోస్తుండె."

చిన్నమ్మ లోపలికి పోయి గొడ్డలి తెచ్చి నా చేతుల పెట్టింది. ఆయన చూసిండు గాని అడ్డం రాలె. దాన్ని బండికి కట్టుకొని గద్వాలకు తెచ్చుకున్న.