పోనీలే అక్క కుడి కన్ను

పెద్దాసుపత్రి నేలమాళిగలో, బట్టలుతికే యంత్రాల గదికీ ఇస్త్రీ గదికీ నడుమ, కుట్టుగది ఒకటి ఉంది. పైన తిరిగే డాక్టర్లలో సగం మందికి దాని ఉనికే తెలియదు. చిరిగిన దుప్పటి కిందికి వెళ్తుంది, బాగుపడి పైకి వస్తుంది; మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ పట్టదు. ఆసుపత్రి దుప్పటి ఎప్పుడూ మధ్యలోనే అరుగుతుంది, అంచులు మాత్రం కొత్తవిగానే మిగులుతాయి. అందుచేత దాన్ని నిలువునా రెండుగా కత్తిరించి, బలమైన అంచులను మధ్యకు తెచ్చి కలిపి కుట్టి, అరిగిన మధ్యభాగాన్ని ఇరుపక్కలకూ పంపి మడిచేస్తారు. దుప్పటికి రెండో జన్మ వస్తుంది. ఈ విద్యలో ఆరితేరిన మనిషి పోనీలే అక్క.

అది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, కుట్టుగది పెట్టింది. ఎవరేమడిగినా ఆవిడ నోట వచ్చే మొదటి మాట అదే. గదికున్న ఒకే ఒక్క ఎత్తు కిటికీ పక్క కుర్చీ కావాలంటే పోనీలే, కూర్చో. ఆదివారం డ్యూటీ మార్చుకుందామంటే పోనీలే, అలాగే. ఒక వానరోజున ఇస్త్రీ గది మనిషి ఒకావిడ పొరపాటున అక్క గొడుగు పట్టుకుపోతుంటే, అక్క వానలో తడుస్తూ వెంటబడి, "దాని స్ప్రింగు కాస్త మొండిది, గట్టిగా నొక్కాలి" అని జాగ్రత్త చెప్పి వచ్చింది. యాభై దాటిన ఒంటరి మనిషి. ఊరికి ఆ కొసన ఉన్న తమ్ముడి కుటుంబమే ఆమె కుటుంబం.

ఆమె కుడి కంట్లో శుక్లం ముదిరింది. కంటిలోని కటకం మబ్బుపట్టి, పచ్చగా మారి, ఆకుపచ్చకూ నీలానికీ మధ్య తేడాను మింగేసింది. దగ్గరి పనికి ఎడమ కన్ను మొదట్నుంచీ అంతంతే. రెండంతస్తుల పైన ఉన్న కంటి విభాగంలోనే ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఆమె వాయిదా వేసింది. మేనల్లుడి పరీక్షలు, వండిపెట్టే దిక్కు లేదు. మళ్ళీ తేదీ ఇచ్చారు. మళ్ళీ వాయిదా, మరదలికి మోకాలి నొప్పి. మూడోసారి కంటి డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "చూడమ్మా, ఇంకా ఆలస్యమైతే అది రాయిలా గట్టిపడుతుంది. అప్పుడు తియ్యడం మాకూ కష్టం, కంటికీ ప్రమాదం. ఈ గురువారం రాకపోతే నీ పేరు జాబితా అట్టడుక్కి పోతుంది" అన్నాడు.

సోమవారం పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, గురువారం పొద్దున్నే మా ఇంటికి రాగలవా? మీ మరదలి అన్నయ్య కొత్త ఇల్లు కొన్నాడు, చూసి రావాలి. మూడు రోజులు. కుక్కకి నువ్వైతేనే అలవాటు."

"గురువారమా?"

"ఏం, పనేమైనా ఉందా?"

"అబ్బే, నాకు పనేముంటుంది! పోనీలే, వస్తాను."

ఈ సంభాషణ విన్న కత్తెర, చేతిలో దుప్పటి చేతిలోనే ఉంచుకుని ఆగిపోయింది. కత్తెర అంటే దుప్పట్లు కత్తిరించే మనిషి. ఆమె కత్తెర పదును ఎక్కువో నాలుక పదును ఎక్కువో గదిలో ఇంకా తేలలేదు.

"అయితే ఈసారి కన్ను కుక్కకా?"

"నోరులేని జీవమే. దాన్ని ఎలా వదిలేస్తాం?"

"దానికి నోరు లేకపోవడమేమిటక్కా, వీధంతా లేపుతుందని నువ్వే చెప్పావు. నోరు లేనిది నీకు."

కుట్టుగదిలో ఒక ఆచారం ఉంది. భోజనాల తర్వాత మిషన్లు ఆపేసి, టీ గంట కొట్టేదాకా చేతికుట్టు పనులు చేస్తారు: గౌన్లకు నాడాలు, చొక్కాలకు బొత్తాలు, చేతుల చివర పట్టీలు. చప్పుడుండదు కనుక ఒకరు పుస్తకం చదువుతారు. చదివే మనిషి సూది ముట్టనక్కర్లేదు. ఆమె వాటా పని మిగతావాళ్ళు పంచుకుంటారు. చదివేది రేడియో. ఆమె గుసగుసలాడినా ఇస్త్రీ గదికి వినిపిస్తుంది కాబట్టి ఆ పేరు.

అప్పుడు నడుస్తున్నది ఒక యుద్ధం నవల. రోగుల గ్రంథాలయంవాళ్ళు అట్ట ఊడిపోయిన పుస్తకాన్ని బాగుచేయమని కిందికి పంపారు. కుట్టుగది అంటే ఏదైనా కుడుతుందని వాళ్ళ నమ్మకం. పేరూ లేదు, రాసినవాళ్ళ ఊసూ లేదు. కథ మాత్రం చెక్కుచెదరలేదు. శత్రువు దగ్గరపడుతున్న పట్టణం. బడి కింద ఉన్న నేలగదిలో లేవలేని సైనికులు పదమూడుమంది, ఒక ముసలి డాక్టరు, ఒక నర్సు. ఆఖరి లారీ వచ్చింది. డ్రైవరు పక్కన ఒక్క మనిషి కూర్చునే చోటే ఉంది. డాక్టరు నర్సు వైపు చూశాడు. నర్సు మెట్లవైపు చూసింది. ఎక్కేసింది.

టీ గంట మోగింది. ఎవరూ లేవలేదు.

"పదమూడుమందిని అలా వదిలేసి ఎలా ఎక్కిందే ఆ పిల్ల!" అంది పోనీలే అక్క, గుండెల మీద చెయ్యి వేసుకుని.

"కాళ్ళతో," అంది కత్తెర.

"నేనైతే ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చేసేదాన్ని."

"ఇచ్చేస్తావు, తెలుసు. డ్రైవరు సీటు కూడా ఇచ్చేస్తావు. లారీ ఎవరు నడుపుతారో తర్వాత చూసుకుంటావు."

"మనిషన్నాక పక్కవాడి కోసం నిలబడాలే!"

"నిలబడి ఏం చెయ్యాలక్కా? ఉండిపోతే ఇంకో శవం. దానివల్ల ఆ పదమూడుమందికి ఒరిగేదేమిటి?"

బొత్తాలు కుట్టే పిన్ని గదిలో అందరికన్నా పెద్దది. బొత్తాం కుట్టి దారం పంటితో తెంపేదాకా మాట్లాడదు. తెంపింది. "తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అన్నారు పెద్దలు. కానీ ఆ పెద్దలెవరూ ఆ నేలగదిలో పడుకుని లేరు. పడుకున్నవాణ్ణి అడిగితే వేరే సామెత చెబుతాడు."

మంగళవారమంతా ఇదే రచ్చ. గది రెండు పక్షాలైంది. నర్సు పక్షంవాళ్ళు త్యాగపక్షంవాళ్ళకు దారపు ఉండలు అందించడం మానేశారు. పోనీలే అక్క మాత్రం రెండు పక్షాలకూ అందిస్తూనే ఉంది, తన ఉండ ఎక్కడ పెట్టిందో మరిచిపోయి.

బుధవారం పొద్దున సూపర్‌వైజరు ఒక ఆకుపచ్చ గౌను జెండాలా ఎత్తి పట్టుకుని దిగాడు.

"సర్జన్ గారు చేతులు కడుక్కుని, ఇందులో చెయ్యి దూర్చారు. చెయ్యి లోపలికి వెళ్ళింది గానీ బయటికి రాలేదు. చివర మూసి కుట్టేశారు! ఎవరి ఘనకార్యం ఇది?"

గౌను చేతి చివర పట్టీ అరిగితే మార్చి కుడతారు. పై పొరకు మాత్రమే సూది తగలాలి. కింది పొర కూడా సూదికి చిక్కితే చెయ్యి కాస్తా సంచి అవుతుంది.

"నేనే సార్," అంది కత్తెర.

"నువ్వు సూది పట్టగా నేనెప్పుడూ చూడలేదే?"

"అందుకే సార్ అలా వచ్చింది."

"కాదు సార్, నేను," అని రేడియో లేచింది. "చదువుతూ చదువుతూ కుట్టాను."

"చదివేవాళ్ళు సూది ముట్టరని మీ రూలేగా?"

పోనీలే అక్క ఇద్దరినీ చూసింది. పాపం, ఎవరిదో తప్పు, ఒకరికోసం ఒకరు దెబ్బలు తినడానికి పోటీపడుతున్నారు. ఇలాంటి చోట తను కూర్చుని ఉండటమా? లేచి నిలబడింది. "వాళ్ళని ఏమనకండి సార్. అది నా పనే."

"ఒక్క చేతికి ముగ్గురు దోషులా? ఎవరైతేనేం, విప్పండి!" అని గౌను బల్ల మీద పడేసి అతను మెట్లెక్కాడు.

అక్క మొహం వెలిగిపోతోంది. కత్తెర దగ్గరకు జరిగి మెల్లగా అంది: "బాధపడకు. నామీద వేసేసుకున్నాను కదా."

కత్తెర నోట మాట లేదు. అది ఆ గదిలో అపూర్వ సంఘటన. బొత్తాల పిన్ని ఆపుకోలేక ఫక్కున నవ్వి, వెంటనే దగ్గుగా మార్చింది.

"అక్కా," అంది కత్తెర చివరికి. "అది నిజంగానే నీది."

"ఏడ్చావులే!"

"కిటికీ దగ్గరకు పట్టుకెళ్ళి చూడు. వద్దు, చూడకు. వేలితో తడుము."

కుట్టేవాళ్ళకు కుట్టు దస్తూరీ లాంటిది. ప్రతి అయిదో కుట్టు దగ్గర వెనక్కి వచ్చి ఒక చిన్న ముడి వేయడం పోనీలే అక్కకు తల్లి నేర్పిన అలవాటు. ఆ గదిలో మరెవరికీ లేదు. ఆమె చూపుడువేలు ఆకుపచ్చ దారం మీద మెల్లగా నడిచింది. ఒక ముడి తగిలింది. కాస్త దూరంలో ఇంకొకటి. వేలు ఆగిపోయింది.

"ఆకుపచ్చ గుడ్డ, ఆకుపచ్చ దారం," అంది కత్తెర. "నీ కంటికి రెండూ ఒకటే అయిపోయాయి. రోజూ నీ బుట్ట నేను చూస్తాను. తేడా వచ్చినవి పిన్ని విప్పుతుంది, రేడియో మళ్ళీ కుడుతుంది. శనివారం నేను సెలవు పెట్టాను. ఇదొక్కటీ తప్పించుకుని పైకి పోయింది."

"ఎన్నాళ్ళుగా?"

"మీ మేనల్లుడి పరీక్షలప్పట్నుంచి."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఏమంటావు? 'పోనీలే, నేను ఉద్యోగం మానేస్తాను' అంటావు. అప్పుడు ఆ కుక్క దగ్గరే ఉండిపోతావు."

పోనీలే అక్క కుర్చీలో కూర్చుంది. ఇన్నాళ్ళూ ఇచ్చేది తనొక్కతే, పుచ్చుకునేది లోకం అనుకుంది. మేనల్లుడికి ఆమె తినిపించిన ప్రతి ముద్దకూ ఇక్కడ ముగ్గురు ఆడవాళ్ళు కుట్లు విప్పుకుంటూ కూర్చున్నారు. ఇవ్వడం ఆమె వంతు, దాని బరువు మోయడం వాళ్ళ వంతు. ఈ పంపకం చేసిందీ ఆమే, వాళ్ళనొక మాటైనా అడగకుండా.

మధ్యాహ్నం రేడియో ఆఖరి అధ్యాయం తీసింది. యుద్ధం ముగిశాక నర్సు ఆ పట్టణానికి తిరిగి వచ్చింది. పదమూడుమందిలో కొందరిని శత్రుసైన్యపు డాక్టరే బతికించాడట, కొందరు పోయారట. బతికినవాళ్ళలో ఒకడు కర్రల సాయంతో ఎదురై, ఎందుకు వెళ్ళిపోయావని అడిగాడు. సమాధానాలు ఆమె ఏళ్ళ తరబడి సిద్ధం చేసుకుంది: డాక్టరే సైగ చేశాడనీ, అవతలి ఊళ్ళో ఇంకా ఎక్కువమంది క్షతగాత్రులు ఉన్నారనీ. అవేవీ చెప్పలేదు. "భయమేసింది" అంది. "నాకూ వేసింది. కాళ్ళు లేక ఆగిపోయాను" అన్నాడతను. ఇద్దరూ ఎదురుగా ఉన్న కొట్లోకి వెళ్ళి టీ తాగారు. అంతే. నవల అయిపోయింది.

"అదేం ముగింపు?" అంది కత్తెర. తన పక్షం గెలుస్తుందని నమ్ముకుని ఉంది.

"నా పక్షం మాత్రం ఏం గెలిచింది?" అంది త్యాగపక్షపు పిన్ని. "ఆవిడ తప్పని రాశాడా, ఒప్పని రాశాడా? టీ తాగించి చేతులు దులుపుకున్నాడు."

పోనీలే అక్క సూదిలో దారం ఎక్కించబోయి, మానేసి, సూదిని గుడ్డకు గుచ్చింది.

"నాకూ భయమేనే," అంది.

"దేనికి?"

"కంట్లో సూది పెడతారంటేనే."

గది గదంతా నవ్వింది. తెల్లారి లేస్తే సూదితో బతికే మనిషి!

"అక్కా, ఇన్నేళ్ళలో ఎన్ని దుప్పట్లకి సూది గుచ్చావు? ఒక్కటైనా 'అమ్మో' అందా?" అంది కత్తెర.

"దుప్పటికి తెలియదే, పడుకుని ఉంటుంది."

"నిన్నూ పడుకోబెట్టే చేస్తార్లే!"

అక్క కూడా నవ్వింది గానీ, ఆమె మనసు వెనక్కి వెళ్ళి ఒక్కొక్కటే తిరగేస్తోంది. పరీక్షలన్నప్పుడు తనకు కలిగింది జాలి కాదు, ఊరట. మోకాలి నొప్పి అన్నప్పుడూ అంతే. కుక్క సంగతి వినగానే గుండె తేలికైంది. 'పోనీలే' అన్నది ఆ తర్వాత. తేదీ ఉందని తమ్ముడికి ఒక్కసారైనా చెప్పలేదు. చెబితే రావద్దంటాడేమోనని, రావద్దంటే ఇక పైకి వెళ్ళక తప్పదని. నర్సు లారీ ఎక్కి పారిపోయింది. తను తమ్ముడి ఇంటికి బస్సెక్కేది.

సాయంత్రం పని దిగాక, వరండాలో బట్టల బళ్ళ పక్కన నిలబడి ఫోన్ చేసింది. మిగతా ముగ్గురూ వినిపించనంత దూరంలో, అంటే సరిగ్గా వినిపించే దూరంలో, చెప్పులు వెతుక్కుంటున్నారు.

"తమ్ముడూ, రేపు నేను రాలేనురా."

"అదేంటక్కా?"

"కంటికి ఆపరేషన్. రేపే."

"ఆపరేషనా! ఎప్పుడనుకున్నారు?"

"రెండు తేదీలు పోయాయి, వాడి పరీక్షలప్పుడొకటి, మరదలి మోకాలి నొప్పప్పుడొకటి. ఇది మూడోది."

"చెప్పవేమక్కా! చెబితే వాడి పరీక్షలు వాడు రాసుకునేవాడు కాదూ! కుక్కదేముంది, ఎదురింటివాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. మేం ప్రయాణం మానుకుని రామా?"

"వద్దు. మా గదివాళ్ళు ఉన్నారు."

ఫోన్ పెట్టేశాక ఆమెకు కొంచెం చిన్నబోయినట్టైంది. తను లేకపోతే ఆ ఇల్లు ఆగిపోతుందనుకుంది. కుక్క సహా ఏదీ ఆగేలా లేదు.

గురువారం కంటి విభాగం బయట బెంచీ మీద కూర్చుంది. కుడి కంట్లో వేసిన చుక్కలు మండుతున్నాయి. పక్కన కూర్చున్న ముసలాయన ఆమె చేతిలోని చీటీ కేసి, తన చీటీ కేసి చూసుకుని, కాస్త దగ్గరకు జరిగాడు.

"తల్లీ, నీ తర్వాత నేనే. నన్ను ముందు వెళ్ళనిస్తావా? మళ్ళీ మా ఊరి బస్సు దొరకదు."

ఆమె పెదవులు అలవాటు చొప్పున కదిలాయి. కానీ మాట ఇంకొకటి వచ్చింది.

"బస్సెన్నింటికి బాబాయ్ గారూ?"

"సాయంత్రం ఆరింటికమ్మా."

ఎడమ కంటితో గోడ గడియారం చూసింది. ఇంకా పది కాలేదు.

"ఆరింటిలోపు మనిద్దరివీ అయిపోతాయి. కూర్చోండి."

ముసలాయన కాస్త నొచ్చుకున్నట్టే మొహం పెట్టాడు. ఆమెకు ఎలాగో అనిపించింది గానీ, లేవలేదు. లోపలి నుంచి నర్సు ఆమె చీటీ నంబరు పిలిచినప్పుడు మాత్రం లేచింది. చేతిలోని చీటీని మళ్ళీ మళ్ళీ మడతపెట్టడం ఆయన కంటపడింది.

"భయంగా ఉందా తల్లీ?"

"చాలా," అని, చీటీ నర్సు చేతికిచ్చి లోపలికి నడిచింది.