యాకూబ్ భాయ్ పెట్టించిన పది నిమిషాల గడువు

లవంగం వాసన తగిలితే నాకు ముందు సిగ్గు వేస్తుంది, ఆ తరువాత నవ్వు వస్తుంది. ఈ ఉదయం ఆఫీసులో ఎవరో టీలో లవంగం వేశారు. కప్పు పట్టుకుని కూర్చుంటే, కొన్నేళ్ల కిందట ఒక రోజు నేను చేసిన పని గుర్తుకొచ్చింది. ఆ రోజు ఖమ్మంలో కూర్చుని, ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న ఒక చిన్న దవాఖానాకు లైను తెగ్గొట్టాను. అది పొరపాటు. ఆ నింద అక్కడి నర్సు మీద వేశాను. అది పొరపాటు కాదు.

నాకు పని నేర్పింది యాకూబ్ భాయ్. ఎప్పుడూ బుగ్గన ఒక లవంగం ఉండేది. మాది ఒక ఆసుపత్రికి నెట్‌వర్క్ చూసే చిన్న ఆఫీసు. అడవి పక్క దవాఖానాల్లోని రౌటర్లకూ ఖమ్మంలోని మా రౌటర్‌కూ మధ్య వీపీఎన్ కట్టడం మా పని. అదేమిటని అడిగిన కొత్తవాళ్లకు ఆయన ఒకటే చెప్పేవారు. "అందరెక్కే ఎర్రబస్సులనే మన కవరు పోతది తమ్మీ. కానీ సీలేసిన కవరు. ఇప్పేటోళ్లు ఇద్దరే."

ఆయన దగ్గర పాత సెట్టింగులు కాపీ కొట్టి అతికించడం కుదరదు. ప్రతి లైనూ చేత్తో కొట్టాలి, కొట్టింది పైకి చదవాలి, ముందే రాసుకున్న కాగితంతో పోల్చాలి. దూరంగా ఉన్న రౌటర్‌లో ఏదైనా మార్చే ముందు, పది నిమిషాల్లో అది తనంతట తాను ఆగి మళ్లీ మొదలయ్యేలా గడువు పెట్టాలి. మనం తప్పు రాసి లైను పోయినా, పది నిమిషాలకు అది పాత సెట్టింగులతో లేస్తుంది. లైను నిలబడితేనే ఆ గడువు తీసేసి సేవ్ చేయాలి. ఆ పది నిమిషాలూ చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని, పెళ్లికొడుకు కోసం చూస్తున్న మామగారిలా కూర్చునేవారు. మేం నవ్వితే, "దూరంకెల్లి చేసే పనిల మన మీద మనకు నమ్మకం జర తక్కువుండాలె" అనేవారు.

నాకు నా మీద నమ్మకం కొంచెం ఎక్కువే ఉండేది. ఆ రోజు ఆయన బ్యాంకు పని మీద బయటికి వెళ్లారు. మా ఖమ్మం లైనుకు అంకెల్లో ఉండే కొత్త చిరునామా వచ్చింది, దాన్ని అవతలి రౌటర్‌లో రాయాలి. పైకి చదవలేదు, గడువు పెట్టలేదు. అరవై మూడు కొట్టాల్సిన చోట ముప్పై ఆరు కొట్టి, వెంటనే సేవ్ కూడా చేశాను. తెర కదలకుండా నిలిచిపోయింది. నేను లోపలికి వెళ్లే దారి ఆ లైను ఒక్కటే. దాన్ని నేనే మూసేశాను.

కాసేపటికి అక్కడి నర్సు ముత్తమ్మక్క ఫోన్ చేసింది. అది గర్భిణులను ఖమ్మం డాక్టరమ్మ వీడియోలో చూసే రోజు. ఫోన్లో మాట అందడమే ఎక్కువ, బొమ్మ అందదు. బయట చాలామంది కూర్చున్నారనీ, ఇద్దరు వాగు దాటి నడిచొచ్చారనీ చెప్పింది. "నేనేం ముట్టలే సారూ" అని తనంతట తనే అంది. ఎందుకన్నదో అప్పుడు ఆలోచించలేదు. ఆ వెంటనే మేనేజరు వచ్చి ఏమైందని అడిగితే, ఫోను చార్జింగు కోసం సిస్టర్ వైరు పీకి ఉంటుందని చెప్పేశాను. ఆ నెలలోనే ఆమె కాంట్రాక్టు పొడిగించాలి. ఆయన ఫైలు తెరిచి ఏదో రాసుకోవడం చూశాను. చూసి కూడా ఊరుకున్నాను.

యాకూబ్ భాయ్ వచ్చాక అరవలేదు. మేం కొట్టిన ప్రతి లైనూ సర్వర్‌లో నమోదవుతుంది. దాన్ని తెరిచి, "చదువు తమ్మీ" అన్నారు. చదివాను. ముప్పై ఆరు దగ్గర ఆగి, కాగితం వైపు చూశాను.

"సిస్టర్ పేరు చెప్పింది నువ్వేనా?"

"నేనే భాయ్."

"లైనంటవా, పోయి కడ్తం. ఆమె పేరు సంగతేంది?"

డాక్టరమ్మను సాయంత్రం దాకా ఉండమని బతిమాలి, జీపులో బయలుదేరాం. కొత్తగూడెం దాటాక ఆయన రోడ్డు పక్కన జామకాయలు కొని, పెద్దది నా చేతిలో పెట్టారు. తిట్లు తినడానికి సిద్ధమైనవాడికి జామకాయ మింగుడుపడదు.

ముత్తమ్మక్క గుమ్మంలోనే ఉంది. వాగు దాటి వచ్చిన ఇద్దరూ వెళ్లిపోయారని, చీకటి పడేలోగా వాళ్లు మళ్లీ వాగు దాటాలని చెప్పింది. యాకూబ్ భాయ్ సంచి దించి నా వైపు చూశారు. జరిగిందంతా చెప్పాను. ఆమె కిటికీ బయటికి చెయ్యి చూపింది.

"ఈడ కోతులు గిన్ని ఉన్నయ్ సారూ. వాటి మీద చెప్తే అయిపోతుండె. వాటికి కాంట్రాక్టు లేదు."

యాకూబ్ భాయ్ పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. వెళ్లి కుర్చీ తెచ్చి, రౌటర్‌కు తగిలించిన నా లాప్‌టాప్ పక్కన కూర్చుంది. నేను కొట్టాను, ఆమె అంకె తరువాత అంకె చదివింది, యాకూబ్ భాయ్ ఆమెకు కనబడేలా కాగితం పట్టుకున్నారు. నాలుగో లైనులో ఆమె నన్ను ఆపింది. "సారూ, కాగితంల తొమ్మిదున్నది, మీరు ఆరు కొట్టిండ్రు." నిజమే. లైను నిలబడి డాక్టరమ్మ ముఖం తెర మీదికి వచ్చేసరికి, మిగిలిన ఆడవాళ్లంతా గదిలోకి వచ్చేశారు.

యాకూబ్ భాయ్ ఇప్పుడు కారేపల్లి దగ్గర మిరప వేస్తున్నారు. నేను మాత్రం అంకెలు ఇప్పటికీ పైకి చదువుతాను. కొత్తగా చేరినవాళ్లు నన్ను చూసి నవ్వుకుంటారు, నవ్వనిస్తాను.

దవాఖానాలో లైను కట్టి వచ్చిన మరునాడు ఉదయం మేనేజరుకు రెండు పేజీలు రాసిచ్చాను. తప్పు నాదని, అబద్ధమూ నాదేనని రాశాను. ముత్తమ్మక్క ఫైలులోని కాగితం నా ఎదుటే చింపించాను. నాకు మెమో వచ్చింది, ఆమెకు కాంట్రాక్టు వచ్చింది. వెళ్లిపోయిన ఆ ఇద్దరి సంగతి ఇంకా మిగిలే ఉంది. మళ్లీ డాక్టరమ్మ చూసే రోజున సెలవు పెట్టి, జీపు కట్టించుకుని, ముత్తమ్మక్కతో కలిసి వాళ్ల ఊరు వెళ్లాను. తిరిగి వస్తుంటే వెనక సీట్లో ఆ ఇద్దరూ ముత్తమ్మక్కను కోయ భాషలో ఏదో అడిగారు. ఆమె చెప్పిన జవాబుకు ముగ్గురూ ఒకటే నవ్వు. ఏమని చెప్పావక్కా అని అడిగాను.

"ఈ సారెవలని అడిగిండ్రు. ఆ రోజు మిమ్ముల ఉత్తగ నడిపిచ్చింది ఈయననే అని చెప్పిన."

వెనక్కి తిరిగి, "అవ్, నేనే" అన్నాను.