మామ్మ మేకు కొట్టనివ్వని చెక్క

మలేషియాలోని సుంగై సుమున్ ఊళ్ళో మా తాత 1930లలో కట్టిన చెక్క బంగళాకి మరమ్మతులు చేయిస్తున్నాం. నిన్న వడ్రంగి వంటింటి నేల మీద కాలు పెట్టగానే ఓ చెక్క కిర్రుమంది. నాకు ప్రాణం లేచొచ్చింది! మీ ఇళ్ళలోనూ అలాంటిది ఒకటి ఉండేది కదూ?

తాత దానికి మేకు కొడితే మామ్మ పీకేసేది. "అది అరిస్తేనే గదా, అరిసెల డబ్బా కాడికి ఎవుడెల్నాడో తెలుస్తాది!" అనేది.

వడ్రంగి సుత్తి తీస్తే వద్దన్నాను. అరగంటకే మళ్ళీ కిర్రు.

"ఎవుడ్రా అది?" మామ్మలాగే అరిచాను.

డెబ్బై ఏళ్ళ మా తమ్ముడు, షుగరు మనిషి, నేను తెచ్చిన అరిసెల డబ్బాలో చెయ్యి పెట్టి నిలబడిపోయాడు.

"అక్కా, ముందు ఆ సెక్కకి మేకు కొట్టించు!"