మా మరదలి సరళరేఖ

మొన్న మెట్టుగూడలో మా ఇంటి బాత్రూంకు కొత్త టైల్స్ వేయించాను. మేస్త్రీ బకెట్టెడు నీళ్లు కుమ్మరించి, అవి మోరీ వైపు జారిపోవడం చూసి, “వాటం మంచిగ కుదిరింది మేడం” అన్నాడు. నాకు నవ్వాగలేదు. ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా వెలగబెట్టిన నాకు ఒకప్పుడు పాఠం చెప్పింది ఆ వాటమే!

చెప్పించింది మా మరదలు, తమ్ముడి భార్య. బన్సీలాల్‌పేట్‌లో తాపీమేస్త్రీ కూతురు. చిన్నప్పుడు వాళ్ల నాన్న వేసిన నేల మీద నీళ్లు పోసి వాటం చూసే పని ఆమెదేనట. తొమ్మిదితో బడి మానేసింది, తర్వాత లాలాగూడలో ఒక ఆఫీసులో అటెండరుగా చేరింది. నలభై రెండో ఏడు నడుస్తుండగా క్లర్కు ఖాళీ వచ్చింది. పది పాసైతేనే ఇస్తామన్నారు. మిగతావన్నీ గట్టెక్కి, లెక్కల్లో రెండుసార్లు తప్పింది. ఆఫీసు ఇచ్చిన గడువులోపు ఇంకొక్క పరీక్షే ఉంది, అదీ పోతే ఆ కుర్చీ వేరే వాళ్లది.

రోజూ సాయంత్రం నా దగ్గరికి వచ్చేది. రెండు బిందువులిచ్చి సరళరేఖ సమీకరణం రాయమంటే మాత్రం తలకిందులే. y లను ఒక వరసలో, x లను ఇంకో వరసలో తీసివేసేది. మైనస్ రావలసిన వాలు ప్లస్ అయి కూర్చునేది. సూత్రం వల్లె వేయించాను, కసిరాను, ఒకపూట అలిగాను కూడా. ఒకరోజు (2, 5), (6, 3) ఇస్తే మళ్లీ అదే తప్పు. నేను నోరు తెరిచేలోపే గ్రాఫ్ కాగితం మీద రెండు చుక్కలు పెట్టి, కలిపి, గట్టిగా నవ్వేసింది.

“వదినా, జెర సూడు! గీత ఐదు కాడికెళ్లి మూడు కాడికి దిగుతుంది. నా జవాబేమో ఎక్కుతుందంటుంది. గిట్లయితే నీళ్లు మోరీలకు పోవు, ఇంట్లకొస్తయి! మా నాయినైతే నేలంత తవ్విపిచ్చేటోడు.”

వాలు మైనస్ సగమని దిద్ది, x + 2y = 12 అని రాసి, రెండు బిందువులనూ అందులో పెట్టి చూపించింది. అన్నేళ్ల సర్వీసులో నాకు ఆ ఉదాహరణ ఒక్కనాడూ తట్టలేదు.

పరీక్ష రోజు గేటు దగ్గర నిలబడి ఆమెకన్నా నేనే ఎక్కువ పరేషానయ్యాను. బయటికొస్తూనే నా చెయ్యి పట్టుకుంది.

“గదే లెక్కొచ్చింది వదినా. మొదలు తప్పే చేసిన. బొమ్మ గీసి సూస్తే, నా జవాబుతోని నీళ్లు ఇంట్లకే వస్తున్నయి. కొట్టేసి మల్ల రాసిన.”

పాసైంది. క్లర్కుగా చేరిన రోజు నా సొంత ప్రమోషనైనట్టు వీధంతా లడ్డూలు పంచాను. నలభై దాటాక ఇంకేం చదువులే అని మొదట్లో లోలోపల అనుకున్నదాన్నీ నేనే. ఆనాటి నుంచి ఎవరినైనా చూసి ‘వయసు దాటిపోయింది’ అనే ధైర్యం నాకు రాలేదు.