బొంతలు ఆరేసిన బతుకమ్మ

అక్క కాలు విరిగిందని కబురు రాగానే ఈసారి బతుకమ్మకు బొంబాయి వెళ్లాలనుకున్నాను. కామాటిపురలో వాళ్లుండే చాల్‌లో ఏటా పాట ఎత్తుకునేది మా అక్క ఎల్లమ్మే. ఆమె ఎత్తుకుంటే చుట్టూ తిరిగే ఆడవాళ్లు అందుకుంటారు. ఈసారి మూడో అంతస్తు దిగలేదు. వరండాలో కూర్చునే ఎత్తుకుంటానని పంతం పట్టింది.

మధ్యాహ్నం రాయచూరులో బండెక్కాను. జొన్నరొట్టెలు, పల్లికారం రాత్రిదాకా సరిపోయాయి. ఎదుటి సీటు మరాఠీ ఆమె నా రొట్టె తిని తన పూరణ్‌పోళీ, అదే మన బొబ్బట్టు, పెట్టింది. పొద్దున దాదర్‌లో దిగి, లోకల్ బండిలో గ్రాంట్ రోడ్ చేరాను. వెళ్లేవాళ్లు తూర్పువైపు బయటికి రండి. ఫాక్‌లాండ్ రోడ్ దాటితే గల్లీలకు నంబర్లుంటాయి. యాభై ఏళ్లు దాటాక మా ఊరి రాత్రిబడి వెనక వరసలో కూర్చుని నేర్చిన అంకెలతో, ఎవరినీ అడగకుండా వెళ్లాను.

చాల్‌కు నాలుగువైపులా గదులు, మధ్యలో బండలు పరిచిన వాకిలి. ప్రతి అంతస్తు కటకటాల మీద పండగకు ఉతికిన బొంతలు ఆరుతున్నాయి. పైనుంచి అక్క మామూలు గొంతుతోనే పలికింది.

"చెల్లె, చెప్పులు ఆడ ఇడువకు. కుక్క ఎత్కపోతది."

పక్కన నిలబడి చెప్పినట్టే వినిపించింది.

సాయంత్రం చుట్టాలొస్తారని బొంతలన్నీ లోపల పెట్టి, వాకిలి కడిగి, బతుకమ్మలను దించారు. అక్క పాట ఎత్తుకుంది. ఒక మాట గోడకు తగిలి తిరిగొచ్చేలోగా ఇంకో మాట దాని మీద పడుతోంది. కింద ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చప్పట్లు తలోదారి పట్టాయి. మళ్లీ మొదలుపెట్టినా అంతే. అక్క పక్కగదిలో ఉండే మల్లమ్మ, ఈ ఏటికి తానే ఎత్తుకుంటానంది. పైన అక్క తల తిప్పుకుంది.

నాకు పొద్దున చెప్పుల మాట గుర్తొచ్చింది. అప్పుడు కటకటాల నిండా బొంతలున్నాయి, మాట గోడకు తగిలి తిరిగి రాలేదు. బొంతలు మళ్లీ వేయమంటే అందరూ నవ్వారు.

"చుట్టాల ముందల చినిగిన బొంతలా? ఇజ్జత్ ఉంటదా?" అంది మల్లమ్మ.

నేను మెట్లెక్కి అక్కకు చెప్పాను. ఆమె తన కిందున్న బొంతను లాగి కటకటాల మీదికి విసిరింది.

"దీనికంటె చినిగింది ఎవరింట్ల ఉన్నదో తెమ్మను, చూస్త."

ఇక ఒక్కో గది నుంచి ఒక్కో బొంత బయటికొచ్చింది. అన్నిటికంటే చివర మల్లమ్మది, పెళ్లిచీర అతుకులతో. అక్క మళ్లీ ఎత్తుకుంది. గొంతు కొంచెం తగ్గినట్టుంది కానీ మాటలు విడివిడిగా, పూలు రాలినట్టు దిగాయి. మొదట చప్పట్లు కలిపింది మల్లమ్మే. చీకటిపడేదాకా ఆడాం.

తిరుగు ప్రయాణంలో నా మూట చూసి ఒకాయన నవ్వాడు.

"బొంబాయికెళ్లి అందరు రేడియోలు తెస్తరు. నువ్వు బొంత తెస్తున్నవా అమ్మా?"

అక్క ఇచ్చిందని చెప్పాను. పాట సంగతి చెబితే బండి దిగేదాకా నవ్వుతాడని ఊరుకున్నాను. మా రాత్రిబడిది రాతిగది. పంతులమ్మ చెప్పేది వెనక వరసకు కలగాపులగంగా చేరుతుంది. పోగానే ఈ బొంతను ఆ గోడకు వేలాడదీస్తాను. ఒక్కటి చాలదు, ఇల్లిల్లూ తిరిగి అడగాలి. చినిగినవైనా పరవాలేదని ముందే చెప్తాను.