లేవే పద్దూ, నా టర్న్

నిన్న ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు ఏరుకుంటుంటే ఫోన్ వచ్చింది. పద్దూ వాళ్ళ తమ్ముడు.

"అక్కా, పద్దక్క పోయింది."

"ఎక్కడికి?" అని అడిగాను.

నిజంగానే అలా అడిగాను. వాడి ఏడుపు వినిపించాక గానీ నాకు అర్థం కాలేదు. పొద్దున వాక్‌కి వెళ్ళొచ్చి సోఫాలో కూర్చుందట. గుండె ఆగిపోయిందట.

కార్ట్ అక్కడే వదిలేసి, పార్కింగ్ లాట్‌లో కార్‌లో కూర్చుండిపోయాను.

ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే అందరూ "మై బెస్ట్ ఫ్రెండ్ పద్మజ" అని ఫోటోలు పెట్టేస్తున్నారు. కాలేజ్ వాళ్ళు, ఆఫీస్ వాళ్ళు, ఆఖరికి యోగా క్లాస్ వాళ్ళు కూడా.

ఒళ్ళు మండింది. పోయిన మనిషి కోసం ఏడవాల్సింది పోయి, ఫోటోలు పెట్టినవాళ్ళ మీద పడి ఏడుస్తున్నాను.

పద్దూ ఉంటే పడీ పడీ నవ్వేది. దాన్ని చూసి కుళ్ళుకోవడం నాకు ఆరో క్లాస్ నుంచీ అలవాటే. అంతా ఒక కీబోర్డుతో మొదలైంది.

ఎయిటీస్ మొదట్లో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో మా రెండిళ్ళూ ఒకే వీధిలో ఉండేవి. ఇద్దరికీ కంప్యూటర్ గేమ్‌ల పిచ్చి. మంచి గ్రేడ్స్ వస్తే కంప్యూటర్ కొంటామని రెండిళ్ళవాళ్ళూ మాటిచ్చారు. ఇద్దరికీ వచ్చాయి. ఒకే శనివారం, ఒకే స్టేషన్ వ్యాగన్‌లో ఇరుక్కుని స్టోర్‌కి వెళ్ళాం.

అప్పట్లో మాలాంటి ఇళ్ళలోకి కొనే కంప్యూటర్ అంటే కీబోర్డుతో కలిపి ఒకే డబ్బా. కీబోర్డు నచ్చలేదని తర్వాత మార్చుకోవడానికి ఉండేది కాదు.

మా నాన్న ఇంజనీర్. చిటికెలో తేల్చేశారు. పైకి లేచే కీస్ ఏమీ లేకుండా, నున్నటి ప్లాస్టిక్ షీట్ మీద అక్షరాలు ప్రింట్ చేసినట్టున్న మోడల్ తీసుకున్నారు.

"చారు ఒలికినా గుడ్డతో తుడిచేసుకోవచ్చు" అని ఆయన సంబరం.

పద్దూ వాళ్ళమ్మ సీత ఆంటీ కాకినాడలో టైపు హయ్యర్ పాసైన మనిషి. ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చున్నట్టు నడుం నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకుని, డిస్‌ప్లేలో ఉన్న ప్రతి మెషీన్ మీదా ఏ, ఎస్, డి, ఎఫ్ కొట్టి చూశారు. సేల్స్‌మన్ నోరెళ్ళబెట్టాడు. మేం తీసుకున్న మోడల్ దగ్గరికి రాగానే ఆంటీ టక్కున కళ్ళు తెరిచారు.

"ఇది కీబోర్డా, అప్పడమా అన్నయ్యగారూ? నొక్కితే వేలికి తెలియొద్దూ?"

చివరికి టకటకమని మోగే ఒక మోడల్ దగ్గర ఆగారు. "ఇదీ. వేలిని వెనక్కి తోస్తోంది చూడండి" అన్నారు.

ఆంటీకి గేమ్స్ గురించి ఓనమాలు కూడా తెలియవు. కూతురు టైపు నేర్చుకుంటుందని కొన్నారు, అంతే. పద్దూకి ఊరికే కలిసొచ్చింది. నాకు మండేది అక్కడే.

మా ఇంట్లో స్పేస్‌షిప్ గేమ్ పెట్టుకుంటే, నేను నొక్కానో లేదో నా వేలికే తెలిసేది కాదు. కిందికి చూసేలోపు పైన నా షిప్ పేలిపోయేది.

దాంతో ప్రతి వీకెండ్ పద్దూ వాళ్ళ బేస్‌మెంట్‌లోనే తేలేదాన్ని. రూల్ ఒకటే. అవుట్ అయినవాళ్ళు కుర్చీ దిగాలి.

అది అవుట్ అయితే కదా!

"లేవే పద్దూ, నా టర్న్."

"అవుట్ అవ్వనీవే లతా, లేస్తాను."

నేను పక్కన ఫోల్డింగ్ చైర్‌లో కూర్చుని, అది ఎప్పుడు అవుటవుతుందా అని దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. దేవుడు కూడా దాని పార్టీయే.

నమ్మకపోతే ఆ దసరా సంగతి వినండి. ఆయుధపూజకి కారుతో పాటు కంప్యూటర్‌కి కూడా బొట్టు పెట్టారు ఆంటీ. తడి గంధం, దాని మీద కుంకుమ, సరిగ్గా స్పేస్ బార్ అంచున. గంధం కారి లోపలికి దిగి ఎండిపోయింది. స్పేస్ బార్ కిందికి దిగి అలాగే ఉండిపోయింది.

ఇంకెవరి ఇంట్లోనైనా అయితే కీబోర్డు పాడైపోయిందని ఏడ్చేవాళ్ళు. మా గేమ్‌లో స్పేస్ బార్ అంటే తుపాకీ. పద్దూ నొక్కకుండానే గుండ్లు వర్షంలా కురుస్తున్నాయి. ఆ రోజు దానికొచ్చిన స్కోర్ మళ్ళీ ఎవరికీ రాలేదు.

నేను పరుగున ఇంటికెళ్ళి, మా కంప్యూటర్‌కి కూడా బొట్టు పెట్టమని అమ్మ ప్రాణం తీశాను. పాపం పెట్టింది. ఏమీ జరగలేదు. నాన్న చెప్పినట్టే, గుడ్డతో తుడిస్తే శుభ్రంగా పోయింది.

తర్వాత నాన్నకి వర్జీనియాలో జాబ్ వచ్చింది. అక్కడి షాంటిలీ అనే ఊరికి వెళ్ళిపోయే రోజు, సామాను ట్రక్‌లోకి ఎక్కిస్తుంటే నేను వాళ్ళ బేస్‌మెంట్‌లోకి దిగాను. పద్దూ గేమ్ మధ్యలో ఉంది. షిప్ బాగానే ఉంది, స్కోర్ పెరుగుతోంది. నన్ను చూసి గబుక్కున కుర్చీలోంచి లేచింది.

"రా, నువ్వాడు."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఇవ్వనిది ఇవాళ జాలిపడి ఇస్తుందా?

"అవుట్ అవ్వకుండా లేస్తే లెక్క కాదు. కూర్చో" అన్నాను.

అది కళ్ళు తుడుచుకుని కూర్చుంది. నేను నా ఫోల్డింగ్ చైర్‌లో కూర్చున్నాను. నాన్న హారన్ కొట్టేదాకా అది ఆడుతూనే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను. నా టర్న్ రాలేదు.

ఆ తర్వాత కూడా అంతే. మంచి కాలేజ్ దానికే, మంచి జుట్టు దానికే. అన్నిటికీ కుళ్ళుకున్నాను. ప్రతిసారీ ఫోన్ చేసి మరీ చెప్పేదాన్ని. "లేవే, నా టర్న్" అంటే, "ఇంకా అవుట్ అవ్వలేదే" అని నవ్వేది.

పోయిన వారం కూడా అదే మాట అంది.

పద్దూ, నిన్న మళ్ళీ అవుట్ అవ్వకుండానే లేచిపోయావు.

ఇది లెక్క కాదే. నాకు టర్న్ వద్దు. కూర్చో. నిన్నింకెవరూ లేపరు, ప్రశాంతంగా ఆడుకో.