చందా వద్దు, తప్పు తెండి

జయరాజ్ చెమటోడ్చి సాధించిన మొదటి విజయం, వచ్చిన చందాను తిప్పి పంపడం. వరంగల్ నుంచి ఒక పుస్తకాల షాపాయన మనియార్డరు పంపితే, జయరాజ్ ఇంట్లో లేనప్పుడు అతని భార్య మాబెల్ సంతకం పెట్టి తీసేసుకుంది. ఆ డబ్బు వెనక్కి పంపడానికి మావాడు అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో ఒక్క కౌంటరూ వదలకుండా దర్శించుకున్నాడు. "ముట్టిన పైసలు వాపస్ ఏందయ్యా?" అని గుమాస్తా తల పట్టుకున్నాడు. చివరికి తన ఖర్చుతో కొత్త మనియార్డరు కట్టి, కింద ఇలా రాశాడు: "చందా వద్దు. తప్పులు పంపండి."

మనిషికున్న పిచ్చి ఇదొక్కటే. కంప్యూటరులో తెలుగు టైపు చేసే ప్రోగ్రాం సొంతంగా తయారుచేసి, 'కంకి' అని పేరు పెట్టి, లోపలి కోడ్ రాతతో సహా లోకానికి ఊరికే ఇచ్చేశాడు. ఎవరైనా వాడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. డబ్బు మాత్రం ముట్టడు. ఎక్కడ మొరాయిస్తోందో కనిపెట్టి చెబితే చాలు, మొహం వెలిగిపోతుంది.

ఆదివారం చర్చి కాగానే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల మధ్య 'కంకి' సీడీలు పరుచుకుని కూర్చునేవాడు.

"ఎంతకిస్తవ్?"

"ఉత్తగనే."

"ఉత్తగనా? అయితే ఖరాబ్ మాల్ ఉంటది."

"ఔ, ఉంటది! ఏడ ఖరాబుందో జర చూసి చెప్పు. గదే చందా."

వచ్చినవాడు సీడీ అక్కడే పెట్టి పరుగు.

నేనూ మామూలువాణ్ణి కాదు. ఊరి బడిలో చదివి వచ్చి, నాంపల్లిలో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టి, సగం సెక్రటేరియట్‌కు వేళ్ళు కదపడం నేర్పాను. మిషన్ల కాలం పోయి తాళం వేసుకోబోతుంటే, నన్ను నిలబెట్టింది ఈ 'కంకి'యే. కవరులో డబ్బు పెట్టి ఇవ్వబోయాను.

"సదాశివన్నా, గది మీ గుడి హుండీల వెయ్యి. నాకు తప్పు తే."

ఆ తప్పును నా దగ్గర టైపు నేర్పే అహల్య తెచ్చింది. ఆమె వేళ్ళ వేగానికి ప్రోగ్రాం బిగుసుకుపోయింది. తనే పాడు చేశాననుకుని ఏడుపు మొహంతో అతని దగ్గరికి వెళ్ళింది. "అన్నా, నా చేతులే మంచిగ లేవు."

జయరాజ్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. మొజంజాహీ మార్కెట్‌కు తీసుకుపోయి మా అందరికీ ఐస్‌క్రీం తినిపించాడు. "గింత పెద్ద చందా ఇంతవరకు ఎవ్వరియ్యలే!" తర్వాత దిద్దే పని కూడా ఆమెకు నేర్పాడు.

ఈ ఏడాది 'కంకి'లో తప్పులు పెరిగాయి. ఒకటి దిద్దితే రెండు పుడుతున్నాయి. అహల్యే కనిపెట్టింది: జయరాజ్ తెరకు ముక్కు ఆనించి చదువుతున్నాడు. రెండు కళ్ళలో శుక్లాలు. ఇక ఆలస్యం చేస్తే చూపు దక్కదన్నారు డాక్టరు. 'కంకి' వాడేవాళ్ళంతా ఆపరేషన్‌కని తలా కొంత పంపారు.

"వాపస్ చెయ్యిండ్రి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "కండ్లు పోతయయ్యా! పైసలంటే గంత పగ ఏంది నీకు?"

"పగ ఎందుకుంటది అన్నా? పైసలు తీసుకున్నననుకో, ఇచ్చినోళ్ళు ముందట కూసుంటరు. అహల్య అసుంటోళ్ళు వెనక నిలబడ్తరు. తప్పయితే ఎవ్వరైనా తేవచ్చు."

ఇంతమందికి విద్య నేర్పిన నేను మళ్ళీ పైసల లెక్కే ఎత్తుకున్నాను. అహల్య అడ్డొచ్చింది.

"అన్నా, నేనొక తప్పు తెచ్చిన."

"ఏదీ, ఏదీ?" మొహం వెలిగింది.

"నీ కుడికన్నుల. ఎడమకన్నుల ఇంకోటి. ఎవ్వరైనా దిద్దొచ్చు అన్నది నువ్వే గద? మేం దిద్దుతం."

జయరాజ్ పెట్టిన రూలు జయరాజ్‌కే చుట్టుకుంది. లోపల మాబెల్ అప్పటికే బట్టల సంచీ సర్దేసింది.

'కంకి'ని అహల్యకు అప్పగించి, సీడీలు నా ఒళ్ళో పెట్టి, మెదక్ వైపు క్రైస్తవ మిషన్ దవాఖానకు బస్సెక్కాడు. ఆదివారాలు ఫుట్‌పాత్ మీద ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. ఉత్తగనే అంటే నన్నూ ఎవరూ నమ్మడం లేదు. ఫరవాలేదు, అసలు మనిషి వచ్చేస్తాడు: 2005 నవంబరు 13, ఆదివారం, చర్చి కాగానే.